సెనక్కాయ దుడ్లొచ్చినాయి, ఆటపెట్టె ఏది కొందామక్కా?

సెనక్కాయలు తూకమేసి దుడ్లు చేతికొచ్చిన ఇంట్లో ఏం మాటలు నడుస్తుంటాయో నాకు తెలుసు. ఎరువుల అంగడి బాకీ తీర్చాలి, బ్యాంకులో పెట్టిన కమ్మలు విడిపించాలి, పెద్దదాని కాలేజీ ఫీజు కట్టాలి. అన్నీ పోను మిగిలింది బీరువాలో పెట్టే వేళకు కొడుకో కూతురో వచ్చి పక్కన కూర్చుంటారు. ఇదివరకు బండి అడిగేవాళ్లు, మంచి ఫోను అడిగేవాళ్లు. ఇప్పుడు గేమింగ్ పీసీ అంటున్నారు. కాదంటే ప్లేస్టేషన్ అంటున్నారు.

"అక్కా, మావోడు నాల్గు దినాల నుంచి అన్నం సరింగ తినల్యా. యాభై వేలంటాడు, ఇంకోసారి అరవై అంటాడు. అంత దుడ్లు పెట్టి ఆడుకునేదేముందక్కా?" అని మా వీధి చెల్లెలు అడిగింది. ఆ పిల్లోడు చెడ్డోడేం కాదు, డిప్లొమా చదువుతున్నాడు. ఆమె భయమూ తప్పు కాదు. వానను నమ్ముకున్న ఊరు మనది. జీడిపల్లి రిజర్వాయరుకు కృష్ణ నీళ్లొచ్చినా, మన బెళుగుప్ప మండలంలో ఎన్నో చేన్లు ఇప్పటికీ మొగులు వైపే చూస్తాయి. అట్లాంటి ఇంట్లో యాభై వేలంటే చిన్న మాటా? అందుకే ఆటే కదా అని నేను తోసెయ్యను, పిల్లోడి ముచ్చట కదా అని వెంటనే ఊ కూడా అనను. మనం కూర్చుని లెక్క చూద్దాం.

కన్సోల్ అంటే టీవీకి తగిలించే ఆటపెట్టె. మన చిన్నప్పుడు క్యాసెట్ పెట్టి మారియో, కాంట్రా ఆడిన టీవీ గేమ్ ఉండేది చూడండి, దాని వంశమే ఇది. పీసీ అంటే మనకు తెలిసిన కంప్యూటరే. పార్టులు విడివిడిగా కొని అసెంబుల్ చేయించుకుంటారు, ఆటలు బాగా ఆడాలంటే అందులో గ్రాఫిక్స్ కార్డు ఒకటి అదనంగా వేయించుకుంటారు. మా ప్రాంతం పిల్లలు పార్టుల కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతారు. హైదరాబాదులో చదివేవాళ్లయితే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతారు. ఇప్పుడు అంగళ్లవాళ్లే వాట్సాప్‌లో ఒక్కో పార్టుకు ధర రాసి పంపుతున్నారు కాబట్టి, బస్సెక్కకముందే ఇంట్లో కూర్చుని బేరం చూసుకోవచ్చు.

ముందు కన్సోల్ ధర చెప్తా. సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికొచ్చింది. డిస్కు పెట్టుకునే రకం 49,990 రూపాయలు, డిస్కు లేనిది 39,990. 2022 నవంబరులో రెండిటి మీదా ఐదేసి వేలు పెంచారు. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ అని సన్నగా చేసి తెచ్చినప్పుడూ 54,990, 44,990 అనే పెట్టారు. మామూలుగా టీవీలు, ఫోన్లు పాతబడేకొద్దీ దిగుతాయి. ఇది పాతబడినా దిగలేదు, ఇంకా పెరిగింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చిన్నది, 2020 నవంబరులో 34,990కి వచ్చింది. దానికి డిస్కు పెట్టే చోటే ఉండదు, ఆటలన్నీ నెట్‌లో దింపుకోవాలి.

ఇక పీసీ. ఇవి 2025 చివరికి ముందటి ధరలు. రైజెన్ 5 5600జీ అనే ప్రాసెసర్ పదకొండు వేలు అటూ ఇటూ. మదర్‌బోర్డు ఆరు వేలు. పదహారు జీబీ ర్యామ్ మూడున్నర వేలకు వచ్చేది. ఎస్ఎస్‌డీ ఇంకో మూడున్నర. అన్నిటికీ కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ మూడున్నర, క్యాబినెట్ మూడు, మానిటర్ ఎనిమిది, కీబోర్డు మౌసు కలిపి ఒక వెయ్యి. మన ఊళ్లో యూపీఎస్ లేకుండా కుదరదు కాబట్టి దానికి ఇంకో మూడున్నర. అంతా కలిపితే నలభైమూడు వేలు. ఆర్‌ఎక్స్ 6600 లాంటి గ్రాఫిక్స్ కార్డు కూడా వేస్తే ఇరవై, ఇరవైరెండు వేలు పైన పడి అరవై ఐదుకు చేరుతుంది. అంతా పెట్టినా, బొమ్మ నాణ్యతలో ప్లేస్టేషన్ 5ను అందుకోవాలంటే ఇంకా కొంచెం పెద్ద కార్డే కావాలి.

అంటే అంగట్లో బిల్లు కట్టే దగ్గర కన్సోలే చవక. ఎందుకు చవకో తెలుసుకోవాలి. 2021 మే నెలలో అమెరికా కోర్టులో ఎపిక్, ఆపిల్ కంపెనీల దావా నడిచినప్పుడు మైక్రోసాఫ్ట్ అధికారిణి ఒకామె సాక్ష్యం చెప్పింది, ఎక్స్‌బాక్స్ పెట్టె అమ్మి తమ కంపెనీ ఏనాడూ లాభం చూడలేదని. మరి వాళ్లకు దుడ్లు యాడ నుంచి వస్తాయి? ఆటల నుంచి. ఆ పెట్టె మీద అమ్ముడుపోయే ప్రతి ఆటలోనూ వాళ్లకు వాటా ఉంటుంది. ఎనుమును సగం ధరకే ఇచ్చి, దాణా మాత్రం నా అంగట్లోనే కొనాల అన్నట్టన్నమాట. ప్లేస్టేషన్ 5 వచ్చిన ఏడాది సోనీ వాళ్ల కొత్త ఆట ఒక్కోటి 4,999 రూపాయలుండేది. నలుగురితో కలిసి నెట్‌లో ఆడాలంటే చాలా ఆటలకు ప్లేస్టేషన్ ప్లస్ అని ఇంకో చందా కట్టాలి. పీసీ మీద ఆ చందా లేదు. స్టీమ్ అనే ఆటల అంగడి 2015 నుంచి మన రూపాయల్లోనే ధరలు పెడుతోంది, పండగలప్పుడు సగానికి, పావుకు దించేస్తుంది. ఎపిక్ వాళ్లయితే వారం వారం ఏదో ఒక ఆట ఊరికే ఇస్తారు. 2020 మేలో జీటీఏ 5 అనే ఆట అట్లనే ఊరికే ఇస్తే మన పిల్లలు ఎంతమంది రాత్రంతా మేలుకుని తీసుకున్నారో.

మూడేళ్ల లెక్క వేసి చూశా. ఏడాదికి మూడు ఆటలనుకోండి. 2024 ధరకు డిస్కు ప్లేస్టేషన్ 55 వేలు, తొమ్మిది ఆటలు నాలుగేసి వేల లెక్కన 36 వేలు, మొత్తం 91 వేలు. చందా ఇందులో వెయ్యలేదు. పీసీ 65 వేలు, అవే తొమ్మిది ఆటలు సేల్‌లో వెయ్యి రూపాయల చొప్పున కొంటే 9 వేలు, మొత్తం 74 వేలు. చూస్తే పీసీనే గెలిచినట్టుంది. కానీ ఆడేసిన డిస్కును సగం ధరకు అమ్మేసుకునే పిల్లోడయితే అతనికి ఆటల ఖర్చు 18 వేలే, అప్పుడు కన్సోల్ కూడా 73 వేలకే వచ్చి నిలబడుతుంది. అందుకే ప్లేస్టేషన్ కొనేవాళ్లకు గట్టిగా చెప్తా, ధర తగ్గుతుందని డిస్కు లేనిది కొనొద్దు. డిస్కుంటే అమ్ముకోవచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. డిస్కు లేనిదాంట్లో కొన్న ఆట ఎప్పటికీ ఆ ఖాతాలోనే ఉండిపోతుంది, పైసా వెనక్కి రాదు.

మూడేళ్లకు రెండూ ఒక్క చోటికే చేరుతున్నాయి. మరి ఏం చూసి కొనాలి? మనింట్లో దుడ్లు ఎప్పుడొస్తాయో అది చూసి కొనాలి. నెలజీతం ఇంటికీ మన ఇంటికీ ఇక్కడే తేడా. ఎర్రనేల చేనున్నవాళ్లకు కార్తీకంలో సెనక్కాయ దుడ్లు, నల్లరేగడి ఉన్నవాళ్లకు శివరాత్రి ముందర పప్పుశనగ దుడ్లు. మధ్యలో పాల బిల్లు తప్ప ఇంకేం రాదు. కన్సోల్ ఏం చేస్తుందంటే, మొదలే ఒక్కసారిగా మొత్తం అడుగుతుంది, తర్వాత నాలుగు నెలలకోసారి ఆట కోసం నాలుగేసి వేలు అడుగుతూనే ఉంటుంది. ఆ నాలుగు వేలు ఏ మే నెలలోనో, విత్తనాలకు దుడ్లు లేని వేళలో అడిగితే ఆ తల్లి ఏం చెప్తుంది? పీసీ అట్ల కాదు, దాన్ని రెండు కాపులకు పంచుకోవచ్చు. ఈ ఏడు గ్రాఫిక్స్ కార్డు లేకుండా కొనండి. నేను చెప్పిన 5600జీలో బొమ్మలు చూపించే చిప్పు లోపలే ఉంటుంది. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి ఆటలు హాయిగా ఆడుతుంది, జీటీఏ 5 కూడా సెట్టింగులు తగ్గించుకుంటే ఆడుతుంది. పంట బాగా వస్తే వచ్చే ఏడు కార్డు తెచ్చి బిగించుకోవచ్చు. రాకపోతే కార్డు కొనరు, అంతే. పీసీ మాత్రం ఇంట్లో పనిచేస్తూనే ఉంటుంది, వడ్డీ ఎవరికీ కట్టే పనిలేదు.

ఇట్ల రెండు విడతలు చేసేటప్పుడు రెండు విషయాలు మొదటిరోజే చూసుకోండి. ర్యామ్ పదహారు జీబీది ఒక్కటే కాకుండా ఎనిమిదివి రెండు తీసుకోవాలి. కార్డు లేనప్పుడు బొమ్మ పనంతా ఆ ర్యామ్ మీదే నడుస్తుంది, రెండు కలిసి పనిచేస్తే వేగం బాగా తేడా వస్తుంది. ఎస్ఎంపీఎస్ పేరున్న కంపెనీది, 550 వాట్లది మొదలే కొనాలి. ఐదారు వందలు మిగులుతాయని పేరు లేనిది వేయించుకుంటే, వచ్చే ఏడు కార్డుతో పాటు అదీ మార్చాలి. మన కరెంటుకు అది కాలిపోయిందంటే పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోతుంది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి చెప్తా. కార్డున్న పీసీ, మానిటర్ కలిసి ఆట నడిచేటప్పుడు 250 వాట్ల దాకా లాగుతాయి. రోజుకు మూడు గంటలంటే నెలకు 22 యూనిట్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి కరెంటు 75 యూనిట్లు దాటితే యూనిట్ 4 రూపాయల 50 పైసలు, 125 దాటితే 6 రూపాయలు, 225 దాటితే 8 రూపాయల 75 పైసలు. నెలకు 110 యూనిట్లు కాల్చే ఇంట్లో ఇది చేరితే ఇంకో 110 రూపాయల దాకా పెరుగుతుంది, సర్దుబాటు చార్జీలు వేరే. ప్లేస్టేషన్ 5 కూడా పెద్ద ఆటలకు 200 వాట్ల దగ్గరే ఉంటుంది, టీవీ దానికి అదనం. తక్కువ తినేది సిరీస్ ఎస్, 75 వాట్ల చిల్లర. బిల్లు ఒక్కటే చూస్తే దానికి మించింది లేదు.

బిల్లు కన్నా నాకు భయం దుమ్ము. ఆషాఢం గాలి మొదలైతే చుట్టూ గాలిమరలు ఆగకుండా తిరుగుతాయి, చేలల్లో మన్ను లేచి ఇంట్లోకొస్తుంది. మా అక్క కొడుకు పీసీ ఆటాడుతుంటే పది నిమిషాలకే బొమ్మ ఆగి ఆగి కదులుతోందని గొడవ చేస్తుంటే, పక్క రేకు స్క్రూలు విప్పి చూశాం. ప్రాసెసర్ మీద సన్న సన్న అల్యూమినియం రేకులుంటాయి కదా, వాటి సందులు ఎర్రమన్నుతో నిండిపోయి అసలు సందే కనబడల్యా. ఫ్యాను రెక్కల అంచుల్లో దుమ్ము గట్టిపడి ఉంది. స్విచ్చి తీసేసి, పెయింటు బ్రష్షుతో మెల్లగా దులిపి, బ్లోయర్ పెట్టాం. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే ఆ గాలికి ఇష్టమొచ్చినట్టు తిరిగి బేరింగ్ చెడుతుంది. ఆ సాయంత్రం నుంచే ఆట మామూలుగా నడిచింది, ఖర్చు సున్నా. పీసీలో నాకు నచ్చేది ఇదే, విప్పొచ్చు, చూడొచ్చు, చెడిన పార్టు ఒక్కటే అనంతపురంలో మార్పించుకోవచ్చు. కన్సోల్ విప్పి బాగుచేసేవాళ్లు మన చుట్టుపక్కల దొరకడం కష్టం. ఏది కొన్నా నేల మీద మాత్రం పెట్టొద్దు. చిన్న బల్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం ఆట వద్దని పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు ఒక చేదు మాట. పైన చెప్పిన ర్యామ్ ధర పాతది. 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎగబాకి రెండింతలు దాటినాయి. కృత్రిమ మేధ కోసం పెద్ద పెద్ద డేటా సెంటర్లు కడుతున్నారు, ర్యామ్ చిప్పులు చేసే కంపెనీలు సరుకంతా అటే మళ్లిస్తున్నాయి. మైక్రాన్ కంపెనీ అయితే మనలాంటి ఇళ్లకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారమే మూసేస్తున్నామని 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో ఒక డేటా సెంటర్ లేస్తే బెళుగుప్పలో డిప్లొమా పిల్లోడి లెక్క తారుమారైంది. ఇదివరకు 2021లోనూ ఇట్లనే జరిగింది, క్రిప్టో నాణేల కోసం గ్రాఫిక్స్ కార్డులన్నీ లాక్కుపోయారు. 2022లో ఆ రేట్లు మళ్లీ దిగినాయి. కాబట్టి ఇప్పటి ధర ఎప్పటికీ ఉంటుందని అనుకోవద్దు, కానీ కొనే వారంలో మాత్రం కొత్త ధర అడగందే బయల్దేరొద్దు.

అంత పెట్టలేమనే ఇళ్లకు ఇంకో దారుంది. బెంగళూరు కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన ఆఫీసు కంప్యూటర్లు, డెల్, హెచ్‌పీ వాళ్లవి, పది పదిహేను వేలకే దొరుకుతాయి. గట్టి సరుకు. చదువుకు, చిన్న ఆటలకు బాగా సరిపోతాయి. కాకపోతే ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆపైది ఉండేదే అడగండి. దానికన్నా పాతదాంట్లో విండోస్ 11 సక్రమంగా ఎక్కదు, విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. "ఆటలన్నీ ఊరికే వేసిస్తాం" అనే అంగడి దగ్గర ఆగొద్దు. ఆ దొంగ కాపీలతో వచ్చే వైరసు, అదే కంప్యూటర్లో తెరిచే మీ బ్యాంకు ఖాతా దాకా పోతుంది.

టీవీ, నెట్ సంగతి చిన్నగా చెప్పి దాటేస్తా. మన ఇళ్లల్లో 32 అంగుళాల టీవీలు చాలామటుకు హెచ్‌డీ రెడీ అనేవే. వాటిమీద ప్లేస్టేషన్ 5 చూపించే 4కే బొమ్మ కనబడదు, సిరీస్ ఎస్ పెట్టినా దానికి ఎక్కువే. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీల దగ్గరుంటుంది. రోజుకు రెండు జీబీల ఫోను ప్యాకుతో దింపాలంటే యాభై దినాలు. ఇంటికి ఫైబర్ లైను రాకపోతే డిస్కు లేని కన్సోల్ గురించి ఆలోచించనే వద్దు.

ఆట అనగానే అమ్మలకు రమ్మీ గుర్తొచ్చి గుండె గుభేలుమంటుంది. మన చుట్టుపక్కల ఆ ఆన్‌లైన్ రమ్మీకి ఎన్ని కాపురాలు చితికినాయో మనం చూశాం. దాన్ని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో దుడ్లు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా దేశమంతటికీ చట్టం వచ్చింది. మీ పిల్లలు అడిగే ఈ ఆటలు వేరు, వీటిలో పందెం లేదు. ఇవి తయారుచేసి బతికేవాళ్లు మన తెలుగునాట కూడా ఉన్నారు. 2009లో ప్లేస్టేషన్ 2 మీద హనుమాన్: బాయ్ వారియర్ అని ఒక ఆట వచ్చింది. ప్లేస్టేషన్ కోసం మొత్తం ఇండియాలోనే తయారైన మొదటి ఆట అది, చేసింది హైదరాబాదు కంపెనీ ఆరోనా టెక్నాలజీస్.

ఆట చేయడం నేర్చుకోవాలంటే కన్సోల్ మీద కుదరదు, పీసీ కావాలి. బ్లెండర్, గోడో లాంటి సాఫ్ట్‌వేర్లు ఊరికే దొరుకుతాయి, బొమ్మలు గీసి కదిలించొచ్చు. కాలేజీ ప్రాజెక్టు, ఉద్యోగాల దరఖాస్తు, నాయన పేరు మీద పంట బీమా చూడటం, అన్నీ దాంట్లోనే. ఇంకో మాట, చెల్లెళ్లూ. పీసీ ఇంటికొచ్చాక అది కొడుకు గదిలోకి పోయి తలుపు పడిపోవడం చాలా ఇళ్లల్లో చూశా. కూతురికీ ఆటంటే ఇష్టమే, ఆమెకూ చదువుంది. నడవలో పెట్టండి, ఇద్దరికీ ఖాతాలు వేరు చేయండి, గంటలు పంచండి. తలుపు లేనిచోట ఉంటే ఎంతసేపు ఆడుతున్నారో మీకూ తెలుస్తుంది.

పండగ ఆఫర్ల గురించి ఇంకొక్క మాట. ఆన్‌లైన్‌లో పెద్ద సేళ్లన్నీ దసరా ముందర పెడతారు, మన దుడ్లు దసరా తర్వాత వస్తాయి. ఆ మధ్య నెలరోజుల ఆత్రంలోనే చాలామంది ఈఎంఐలో ఇరుక్కుంటున్నారు. వడ్డీ లేదంటారు కానీ ప్రాసెసింగ్ చార్జీ, దానిమీద జీఎస్టీ ఉంటాయి. పంట పోతే కంతు తప్పుతుంది, తప్పితే పెనాల్టీ పడుతుంది. దసరా వదిలేయండి. జనవరి 26 ముందర ఇంకో సేల్ వస్తుంది, అప్పటికి దుడ్లు చేతిలో ఉంటాయి.

నా తీర్పు అడిగితే ఇది. చదువుకునే పిల్లలున్న ఇంటికి ఈ ఏడు కార్డు లేని పీసీ, వచ్చే ఏడు పంటను బట్టి కార్డు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, చదువు అయిపోయి, సాయంత్రం ఆట తప్ప ఇంకేం అక్కర్లేని తమ్ముడయితే అతని జీతంతో డిస్కు ప్లేస్టేషన్. చేను దుడ్లతో కన్సోల్ మాత్రం వద్దే వద్దు.

కొన్నాక బిల్లులు జెరాక్సు తీయించి పెట్టుకోండి. అంగడి బిల్లు మీది అక్షరాలు ఏడాదికే వెలిసిపోతాయి, గ్రాఫిక్స్ కార్డుకు వారంటీయేమో మామూలుగా మూడేళ్లుంటుంది. మీ ఇంట్లో ఏ పార్టుకు ఎంత పడిందో నాకు రాయండి. ఇంకో చెల్లెలు అడిగినప్పుడు ఆ ధరలే చెప్తా.